కంకిపాడు బండి స్టెప్నీ

బండి అమ్మేస్తున్నారన్న సంగతి బెన్నీకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. ఛాయాదేవిగారు ఫోన్లో మాట్లాడే ప్రతి మాటా ఏళ్ల తరబడి అతని వీపు వెనకే నడిచింది. పొలం కౌలు సంగతులు, ఆడపడుచుతో పట్టింపులు, భర్త బసవయ్యగారి కిడ్నీలు, ఆయన పోయాక ఎవరెవరు పలకరించలేదన్న లెక్కలు, అన్నీ స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తూ విన్నవే. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు డ్రైవరుకి చెవులుండవనుకుంటారు. బెన్నీ కూడా లేనట్టే ఉండేవాడు.

"గురువారం మంచిది సాయిగణేష్ గారూ. మా బెన్నీ తెచ్చి అప్పజెబుతాడు" అని ఆవిడ అన్నప్పుడు బండి పోరంకి దాటుతోంది. అప్పజెప్పాక బెన్నీ ఏం చేస్తాడన్నది ఆ మాటలో లేదు. అతను అద్దంలోకి చూడలేదు. గేరు మార్చాడు.

ఛాయాదేవిగారి కూతురు సింధూరి గన్నవరంలో పళ్ల డాక్టరు. ఆ పిల్ల కొత్తగా ఆటోమేటిక్ కారు కొనుక్కుంది. "క్లచ్చే ఉండదు మమ్మీ, కావాలంటే నువ్వే నేర్చుకోవచ్చు. ఇంత పెద్ద బండి, దానికో డ్రైవరు, మనిద్దరికీ దేనికి?" అని పోయిన నెల్లో అంది. అదీ వెనక సీట్లోనే. అన్న తర్వాత బెన్నీ ఉన్నాడని గుర్తొచ్చిందేమో, కిటికీ అద్దం కాస్త దించి "గాలి బాగుంది కదా బెన్నీ" అంది.

అప్పట్నుంచీ అతని మనసులో ఒకటే ప్రశ్న. ఈ ఇంట్లో ఉంటానా, బండితో వెళతానా? మూడోది కూడా ఒకటుంది గానీ, దాని దాకా ఆలోచించేవాడు కాదు.

బెన్నీది ఉయ్యూరు పక్క ఊరు. తల్లి తెరేసమ్మ చేలల్లో నాట్లు వేసి పెంచింది. లారీ క్లీనరుగా మొదలై, డ్రైవరై, నడుం నొప్పి వచ్చాక కంకిపాడులో బసవయ్యగారి ఇంట్లో కుదిరాడు. విజయవాడలో ఏ కల్యాణమండపానికైనా దారి అతనికి కళ్లు మూసుకుని తెలుసు. ఒక్కదాని లోపల కూడా ఎలా ఉంటుందో తెలియదు. అతనికి తెలిసినవి వాటి వెనక గోడలు, జనరేటరు పెట్టే చోటు, డ్రైవర్లకి భోజనం పొట్లాలిచ్చే కిటికీ. ఆస్పత్రులూ అంతే. బసవయ్యగారికి డయాలసిస్ జరిగినన్నాళ్లూ సీటు వెనక్కి వాల్చి, కాళ్లు డోరు మీద పెట్టి పడుకునేవాడు. లోపల పెద్దాయన రక్తం శుభ్రపడేది, బయట ఇతను బండి తుడిచేవాడు.

భార్య స్టెల్లా ఏలూరులో ఆడపిల్లల హాస్టల్లో వార్డెను. వాళ్లిద్దరికీ గొడవేం లేదు. ముహూర్తాల రోజుల్లో ఇతనికి సెలవుండదు, హాస్టలు నడిచే రోజుల్లో ఆమెకి సెలవుండదు. మొదట్లో ఆదివారాలు వచ్చేది. తర్వాత పండగలకి వచ్చేది. ఇప్పుడు ఫోన్ చేస్తుంది. "తిన్నావా?" అంటుంది. "తిన్నాను, నువ్వు?" అంటాడు. ఆమె కూడా తిన్నానంటుంది, ఫోన్ పెట్టేస్తుంది. పోరంకిలో అతను అద్దెకుండే గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకి గుణదల మాత పటం ఉన్నాయి. గదిలో కంటే బండిలోనే అతనికి నిద్ర బాగా పట్టేది.

బేరం ఫోన్లోనే కుదిరినా, బండి చూడ్డానికి సాయిగణేష్ ఇబ్రహీంపట్నం నుంచి ఆదివారం వచ్చాడు. టిప్పర్లు తిప్పుతాడు. నలభై లోపు మనిషి, మాట మెత్తన, చూపు చురుకు. చుట్టూ తిరిగి, తలుపులన్నీ తెరిచి మూసి, చివరికి వెనక్కి వచ్చాడు. ఆ బండికి స్టెప్నీ, అంటే పంచరైతే వేసుకునే అదనపు చక్రం, వెనక తలుపు మీదే వేలాడుతుంది. కింది నాలుగు చక్రాలకీ మెరిసే అల్లాయ్ డిస్కులు. వెనక వేలాడేది మాత్రం కంపెనీవాడిచ్చిన నల్లటి ఇనుప డిస్కు.

"స్టెప్నీ మాత్రం మేం ఉంచుకుంటామండీ" అన్నారు ఛాయాదేవిగారు.

సాయిగణేష్ నవ్వాడు. "స్టెప్నీ లేకుండా బండేంటండీ? రేపు దారిలో పంచరైతే మీ ఇంటికి ఫోన్ చెయ్యనా?"

"అది కాదు బాబూ. మా ఇంట్లో ఎద్దుని అమ్మినా పలుపు మాత్రం ఇవ్వం. మా మామగారి నాటి నుంచీ అంతే. తాడు మన కొట్టంలో ఉంటే మళ్లీ గొడ్డు వస్తుందని నమ్మకం."

పశువుని అమ్మేటప్పుడు తాడు విప్పుకుని ఉంచుకోవడం ఆ వైపు రైతులకి కొత్త సంగతేం కాదు. కానీ బండికి పలుపేది? తాళం ఉంచుకుంటే బండి కదలదు. ఆవిడ రెండ్రోజులు ఆలోచించి, వేలాడేది కాబట్టి స్టెప్నీయే పలుపని తేల్చారు.

"మా తాతా అంతేలెండి" అన్నాడు సాయిగణేష్. "దాని బదులు అల్లాయ్ ఒకటి పెట్టించి ఇచ్చెయ్యండి. కింద నాలుగు ఒక రకం, వెనకది ఒక రకం అయితే చూడ్డానికి బాగోదు కూడా. పలుపు మీ దగ్గరే ఉంచుకోండి."

బెన్నీ బానెట్ దగ్గర తుడిచే గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. ఛాయాదేవిగారు అతని వైపు తిరిగారు.

"మా డ్రైవరు కూడా చాలా మంచివాడండీ. బండిని ప్రాణంలా చూస్తాడు. మీకు పనికొస్తాడు."

"చూద్దాం లెండి" అన్నాడు సాయిగణేష్.

కృష్ణా జిల్లాలో ఎవరైనా "చూద్దాం లెండి" అంటే ఏమిటో పెళ్లి సంబంధాలు కలిపేవాళ్లని అడిగితే చెబుతారు. కాదు అనే మాట ఎదుటివాళ్ల మొహం మీద అనలేక వాడే మాట అది. బెన్నీకి తెలుసు. ఛాయాదేవిగారికీ తెలుసు. అయినా ఆవిడ పని అయిపోయినట్టు తలూపారు. ఆవిడ తలూపారు కాబట్టి, అయిపోయిందేమోనని అతను కూడా అనుకున్నాడు. నోరు తెరిచి అడిగితే తేలిపోయేది. అడగనంతసేపూ ఉద్యోగం ఉన్నట్టే.

బుధవారం పొద్దున్నే ఆటోనగర్ వెళ్లాడు. అక్కడ ఎలీషా షెడ్డు ఉంది. చక్రాల పని తప్ప ఇంకోటి ముట్టడు. బెన్నీ కంటే పెద్దవాడు, బెన్నీ వెళ్లే చర్చికే వచ్చేవాడు, ఈ మధ్య మోకాళ్ల నొప్పులని మానేశాడు.

కొత్త అల్లాయ్‌కి టైరెక్కించి గాలి పట్టాక, ఇద్దరూ చెరోవైపు పట్టి లేపి వెనక తలుపు బ్రాకెట్ మీద కూర్చోబెట్టారు. బ్రాకెట్‌కి మూడు స్టడ్లు, అంటే బయటికి పొడుచుకొచ్చిన మూడు బోల్టులు ఉంటాయి. చక్రం బెజ్జాల్లోంచి అవి ఇవతలికి రావాలి, వాటి మీద నట్లు బిగించాలి. ఇనుప డిస్కు పలచన, అందుకని బోల్టులు బొటనవేలంత బయటికొచ్చేవి. అల్లాయ్ మధ్యలో మందం. వెతుక్కుంటే గానీ బోల్టు కొసలు కనిపించలేదు.

ఎలీషా ఒక నట్టు పెట్టి తిప్పాడు. రెండు మరలు పట్టి ఆగిపోయింది.

"పట్టిందిగా" అన్నాడు. "చక్రం ఊగట్లేదు చూడు. అమ్మేసే బండేగా. వాడు తీసుకెళ్లి వాడి మెకానిక్‌కి చూపించుకుంటాడు."

"రెండు మరల మీద అంత బరువు ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నా? గుంటలో పడితే ఊడి వెనకొచ్చేవాడి మీద పడదా?"

"పడితే కొన్నవాడి మీద కేసు. నీకెందుకు?"

"నేనే నడపాల్సి రావచ్చు."

ఎలీషా చేతిలో స్పానర్ ఆగింది. "రావచ్చా? అడిగావా?"

"అమ్మగారు చెప్పారు నా గురించి."

"ఏమని?"

"మంచివాడని."

ఎలీషా పెద్దగా నవ్వి, దగ్గొచ్చి, నీళ్లు తాగాడు. "ఓరి నీ మంచితనం పాడుగానూ. బసవయ్యగారి ఇంట్లో గొడ్డుని అమ్మితే పలుపు ఇవ్వరన్నావు కదా. ఇంతకీ నువ్వు గొడ్డువా, పలుపువా? ముందది తేల్చుకో."

"నువ్వు బోల్టుల సంగతి చూడు ముందు" అన్నాడు బెన్నీ.

బోల్టుల సంగతి చూసేసరికి మధ్యాహ్నం దాటింది. బ్రాకెట్ తలుపు నుంచి విప్పారు. పాత స్టడ్లు సుత్తితో వెనక్కి కొట్టి తీశారు. అదే కొలతలో పొడుగువి పక్క వీధి లేత్ షాపులో దొరికాయి. వాటిని ప్రెస్సులో దిగగొట్టించి, తిరిగిపోకుండా వెనకవైపు చుక్క వెల్డింగ్ పెట్టించారు. పాత నట్ల మూతి కోసుగా ఉండేది, ఈ అల్లాయ్ బెజ్జానికి బల్లపరుపు మూతి కావాలి. పాతవే బిగిస్తే అల్లాయ్‌ని కొరుక్కుతింటాయి. వాటికోసం బెన్నీ నాలుగు షాపులు తిరిగాడు. ఇతను తిరుగుతున్నంతసేపూ ఎలీషా రెండు లారీల పని చేసుకున్నాడు.

బిగించాక బందరు కాలువ గట్టు మీద గతుకుల్లో తిప్పి చూశారు. వెనక ఎక్కడో టకటకమని చప్పుడు. ఎలీషా డిక్కీలో ముడుచుకుని కూర్చుని, మొహం తలుపుకి ఆనించి విన్నాడు.

"చక్రం తలుపు మీది రబ్బరు దిమ్మలకి ఆనట్లేదు. వేలు దూరే సందుంది. ఇది ఇలా కొట్టుకుంటే ఆర్నెల్లలో తలుపు కీళ్లు సాగుతాయి. తలుపు జారి ఇక మూతపడదు."

షెడ్డుకొచ్చి పాత టైరు ముక్క కోసి దిమ్మల మీద అతికించాడు. మళ్లీ బిగించారు. మళ్లీ కాలువ గట్టు. చప్పుడు లేదు. దారి పొడవునా వరి పొట్ట దశ దాటి వంగుతోంది. ఎలీషా కిటికీలోంచి చూస్తూ, "పనికి వంక పెట్టడానికేం లేదు. నీ సంగతే బాలేదు. రేపు అప్పజెప్పేటప్పుడు అడుగు, బెన్నీ. నోటితో అడుగు. మొహం పెట్టుకుని నిలబడితే ఎవరికీ అర్థం కాదు" అన్నాడు.

"అడుగుతాలే అన్నా."

గురువారం ఇబ్రహీంపట్నం బయల్దేరే ముందు అద్దానికి వేలాడే జపమాల తీసి జేబులో వేసుకున్నాడు. సీటు కింద దుప్పటి, దువ్వెన, నీళ్ల సీసా, నడుంకి పెట్టుకునే దిండు ఒక సంచిలో సర్దాడు. సర్దాక ఆ సంచి డిక్కీలోనే ఉంచాడు. ఒకవేళ అక్కడే ఉండమంటే మళ్లీ సీటు కిందే పెట్టుకోవచ్చు. పాత ఇనుప చక్రం వెనక సీట్లో గోనెపట్టా మీద కూర్చుంది. అప్పజెప్పి, చక్రం ఇంటికి చేర్చమని అమ్మగారు చెప్పారు.

కొండపల్లి కొండలు, కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపించేదాకా నెమ్మదిగానే నడిపాడు. వెనక తలుపు వైపు చెవి పెట్టే ఉంచాడు. చప్పుడేం లేదు.

సాయిగణేష్ ఆఫీసు ముందు టిప్పర్లు బారులు తీరి ఉన్నాయి. అతను బయటికొచ్చి నేరుగా వెనక్కి వెళ్లాడు. చక్రం మీద చెయ్యి వేసి నిమిరాడు. తలుపు తెరిచి వదిలాడు. తలుపు మెత్తగా, ఒకే శబ్దంతో మూతపడింది.

"అబ్బ, కంపెనీ ఫిట్టింగులా ఉందయ్యా. ఒరే చక్రీ, ఇటు రా."

లోపల్నుంచి పాతికేళ్ల కుర్రాడు ఫోన్ చెవికి పెట్టుకుని వచ్చాడు. సాయిగణేష్ బావమరిదట. బెన్నీ తాళం అతని చేతికిచ్చాడు.

"పొద్దున చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు కొంచెం మొండికేస్తుంది బాబూ. బలవంతం చెయ్యకూడదు. ఒకసారి మూడులోకి చూపించి వెనక్కి తెస్తే పడుతుంది. బ్రేకు..."

"ఆఁ ఆఁ" అన్నాడు చక్రి. ఫోన్లో ఎవరితోనో "లేదురా, బండి వచ్చింది, సాయంత్రం భవానీపురం వచ్చేస్తా" అంటున్నాడు.

"ఆ వెనక నట్లు వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మళ్లీ బిగించుకోవాలండి. కొత్తవి కదా, సర్దుకుంటాయి."

"చేద్దాంలే."

బెన్నీ డిక్కీలోంచి సంచి తీశాడు. వెనక సీట్లోంచి ఇనుప చక్రం దింపి నేల మీద నిలబెట్టాడు. ఇంక దింపడానికేమీ లేదు. చక్రం పడిపోకుండా పట్టుకుని నిలబడ్డాడు. సాయిగణేష్ కాగితాలు చూసుకుంటూ తల ఎత్తాడు.

"ఇంకేమైనా ఉందా బెన్నీ?"

అడగాలి. నోటితో అడగాలి. ఎలీషా చెప్పిన మాట చెవిలోనే ఉంది. కానీ ఆ కుర్రాడు అప్పటికే డ్రైవరు సీట్లో కూర్చుని, సీటు ముందుకి జరుపుకుంటున్నాడు. బెన్నీ కాళ్లు పొడుగు. ఆ సీటు వెనక్కే ఉండేది ఎప్పుడూ.

"ఏం లేదండి" అన్నాడు.

"టీ తాగి వెళ్లు. మంచి పని చేయించావు."

టీ తాగాడు. తాగుతుండగానే బండి రోడ్డెక్కింది. టిప్పర్ల మధ్యలోంచి కొత్త అల్లాయ్ ఒకసారి ఎండకి మెరిసి, మలుపు తిరిగింది.

ఇబ్రహీంపట్నం రింగులో బస్సెక్కేసరికి చక్రం బట్టలకి మసి పూసింది. కండక్టరు ఆపాడు.

"ఏంటయ్యా ఇది?"

"స్టెప్నీ అండి."

"స్టెప్నీ సరే, బండేదీ? ఊడబెరుక్కుని చక్రం ఒక్కటే మిగిల్చారా?"

బస్సులో నలుగురు నవ్వారు. బెన్నీ కూడా నవ్వాడు. దానికో లగేజీ టికెట్ కొట్టించుకుని, డ్రైవరు వెనక ఖాళీలో చక్రం పడుకోబెట్టి, దాని మీదే కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. పక్క సీట్లో ముసలావిడ, "మెకానిక్కువా బాబూ?" అని అడిగింది.

"డ్రైవర్నండి."

"ఏ బండి?"

కాసేపు ఆలోచించాడు. "కంకిపాడు బండి" అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు, కానీ తలూపింది.

పెద్ద బస్టాండులో ఇంకో బస్సు, కంకిపాడు సెంటర్లో ఆటో. ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. షెడ్డులో సింధూరి ఆటోమేటిక్ కారు నిలబడి ఉంది. పెద్ద బండి ఉండే చోటులో అది సగమే ఆక్రమించింది. ఛాయాదేవిగారు వరండాలో పూలు కడుతున్నారు. అతన్ని చూసి దారం పట్టుకున్న చెయ్యి ఆపారు.

"నువ్వు కూడా వచ్చేశావేంటి?"

"చక్రం తెచ్చానమ్మగారూ."

"చక్రం ఆటోలో పంపినా సరిపోయేదిగా. నువ్వు అక్కడే ఉంటావనుకున్నాను. ఆయనతో చెప్పానుగా."

అతను చక్రాన్ని వరండా మెట్టుకి ఆనించాడు. ఆవిడ ఒక నిమిషం అతని మొహం చూశారు.

"ఆయనేమన్నాడు?"

"ఏమీ అనలేదండి."

"నువ్వడిగావా?"

"లేదమ్మగారూ."

"అదేంటి బెన్నీ. ఇంత వయసొచ్చి" అంటూ ఫోన్ అందుకున్నారు. ఎదురుగా అతను నిలబడి ఉండగా, అతని కోసం పని అడగడం ఆవిడకీ అలవాటు లేదు. అయినా చేశారు. చెవికి సరిగా వినపడదని స్పీకర్ పెట్టారు.

"చెప్పండమ్మా. బండి బ్రహ్మాండంగా ఉందండి. ముఖ్యంగా వెనకాల చక్రం, మా షెడ్డు వాళ్లందరికీ చూపించాను. ఎక్కడ చేయించారు?"

"మా బెన్నీయే దగ్గరుండి చేయించాడు. ఆ అబ్బాయి గురించే సాయిగణేష్ గారూ. మీ దగ్గర..."

అవతల టిప్పరేదో వెనక్కి వస్తున్న శబ్దం.

"మా బావమరిది ఖాళీగా ఉన్నాడండీ. ఇంట్లో ఆడవాళ్లు వాడికే ఇమ్మంటున్నారు. మీ అబ్బాయి మంచివాడే, నాకు తెలుసు. చూద్దాం లెండి."

ఆవిడ ఫోన్ పెట్టేశారు. బెన్నీ వైపు తిరిగి, "చూద్దామంటున్నాడు" అన్నారు. ఈసారి తలూపలేదు.

"సరేనమ్మగారూ."

"కాళ్లు కడుక్కో. అన్నం తినేసి వెళ్లు."

వరండాలో కూర్చుని తిన్నాడు. ఆవిడ దగ్గరే కూర్చున్నారు. బసవయ్యగారు పోయిన రోజు ఆస్పత్రి నుంచి ఇంటికి తెస్తున్నప్పుడు గుణదల దగ్గర రైలు గేటు పడి బండి గంటసేపు ఆగిపోవడం ఆవిడకి గుర్తొచ్చింది. అది చెప్పారు. అతనికీ గుర్తే. "అవునండీ" అన్నాడు. మజ్జిగ పోశారు.

తింటుండగా సింధూరి లోపల్నుంచి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. ప్యాంటు గుడ్డ, చొక్కా గుడ్డ. ఏటా క్రిస్మస్‌కి ఆ ఇంట్లో అతనికి బట్టలు పెడతారు. ఛాయాదేవిగారు కొత్త బట్టలకి పసుపు రాయకుండా ఇవ్వడం ఒక్క అతనికే. క్రిస్మస్‌కి ఇంకా నెలన్నర ఉంది. సంచి చూడగానే అతనికి అంతా అర్థమైంది. ఆ ఇంట్లో పనివాళ్లని మానిపించేటప్పుడు మాట అనరు, బట్టలు పెడతారు. వంటమనిషి శౌరమ్మ వెళ్లినప్పుడు అతనే ఆమెని బస్టాండులో దింపాడు. ఆమె ఒళ్లో కూడా ఇలాంటి సంచే.

రెండు చేతులూ కడుక్కుని, తుడుచుకుని, సంచి అందుకున్నాడు.

"రేపు రానా అమ్మగారూ?" అని అడిగాడు. అతని నోటినుంచి అంత సూటి ప్రశ్న ఆ ఇంట్లో అదే మొదలు.

ఛాయాదేవిగారు కూతురి వైపు చూశారు. సింధూరి ఫోన్ వైపు చూసింది.

"రేపెందుకులే బెన్నీ" అన్నారు ఆవిడ మెల్లగా. "ఏదైనా దూరం వెళ్లాల్సొస్తే పిలుస్తాం."

"పిలవండి."

"స్టెల్లాకి ఫోన్ చెయ్యి. కొన్నాళ్లు ఏలూరు వెళ్లి ఉండరాదూ?"

"చూద్దామండి" అన్నాడు.

చెప్పులేసుకుని, దుప్పటి సంచి ఒక చేత్తో, బట్టల సంచి ఇంకో చేత్తో పట్టుకుని బయటికి నడిచాడు. ఎప్పుడూ పెద్ద గేటు రెండు రెక్కలూ తీసి, బండి బయటికి తెచ్చి, దిగి మళ్లీ మూసేవాడు. పక్కన మనుషులు నడిచే చిన్న తలుపు ఉంది. దాని గడియ ఎటు జరపాలో అతనికి తెలియలేదు. చీకట్లో తడుముకుంటుంటే సింధూరి వరండాలోంచి, "పైకెత్తండి బెన్నీ గారూ" అంది.